22 నిమిషాల లోకం

కొల్లాపూరు నుంచి సోమశిలకు పోయే దారి మీలో ఎందరు చూశారో గాని, చూసినవారికి నేను చెప్పబోయే సంగతి తొందరగా అర్థమవుతుంది. మామిడితోటలు దాటిపోతే కృష్ణ కనబడుతుంది. నది అనటానికి మనసొప్పనంత వెడల్పు. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన నీరు ఇక్కడిదాకా పరుచుకుని ఉంటుంది. జలాశయం పూర్తిగా నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ నీటి అడుగున పొలాలున్నాయి, బావులున్నాయి, ఒకప్పటి పల్లెలున్నాయి. ఆవలి వైపున, నంద్యాల జిల్లాలో, సంగమేశ్వరం గుడి ఉన్నది. ఏడాదిలో ఎక్కువకాలం ఆ గుడి నీటిలోనే ఉంటుంది. ఎండలు ముదిరి నీరు దిగేటప్పుడు మొదట శిఖరం, తరవాత గోడలు, ఆ తరవాత గుడి అంతా బయటపడుతుంది. అప్పుడు జనం సోమశిల నుంచి పడవల మీద వెళ్లి దేవుణ్ణి చూసి వస్తారు. వానలు కురిసి వరద వచ్చిందంటే గుడి మళ్లీ మునుగుతుంది.

ఈ గుడి గురించి ఎందుకు మొదలుపెట్టానంటే, కిందటి వేసవిలో మా మేనల్లుడు ఒక కంప్యూటర్ ఆటలో చిక్కుకుపోతే, వాణ్ణి అందులోంచి బయటికి లాగినది ఈ గుడే.

మా అక్కయ్య వాళ్లది కొల్లాపూరు. పది రోజులు ఉందామని వెళ్తూ మేనల్లుడికి ‘అవుటర్ వైల్డ్స్’ అనే ఆట పట్టుకెళ్లాను. వాడు తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. ఆట తెచ్చింది నేను కనక చివాట్లు తిన్నదీ నేనే. “సదువుకునే పిలగానికి గివన్ని ఎందుకురా?” అన్నది అక్కయ్య. పది రోజులు గడిచాక ఆమె అభిప్రాయం కొంత మారింది. పూర్తిగా మారిందని మటుకు అనలేను.

ఈ ఆట పుట్టిన విధం చెబుతాను. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలెక్స్ బీచమ్ అనే విద్యార్థి, పట్టా కోసం అందరూ ఒక గ్రంథం రాసినట్టుగా, ఒక ఆట తయారుచేశాడు. అది ఇంకా పూర్తికాకముందే, 2015 లో, స్వతంత్రంగా ఆటలు చేసేవారి ఉత్సవంలో దానికి అన్నిటికన్న పెద్ద బహుమతి ఇచ్చారు. తరవాత మోబియస్ డిజిటల్ అనే సంస్థ దాన్ని పూర్తిచేసింది. అందులోని మాటలు రాసినది అలెక్స్ తోబుట్టువు కెల్సీ బీచమ్. సంగీతం ఆండ్రూ ప్రాలోది. 2019 మే నెలలో ఆట బయటికి వచ్చింది. మరుసటి ఏడు బ్రిటిష్ అకాడమీ వారు దాన్ని ఆ ఏటి మేటి ఆటగా ఎంచారు. ప్రచురించినవారి పేరు అన్నపూర్ణ ఇంటరాక్టివ్. ఈ పేరు చూసి మా బావ, “మన హైదరాబాదు స్టూడియో వాళ్లదే కదా!” అని సంబరపడ్డాడు. కాదు. ఇది అమెరికా సంస్థే. హిమాలయాలలోని అన్నపూర్ణ పేరు పెట్టుకున్నారు, అంతే.

పేరు విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. అదే ఏడు అక్టోబరులో ‘ది అవుటర్ వరల్డ్స్’ అని మరొక ఆట వచ్చింది. అందులో తుపాకులూ కాల్పులూ ఉన్నాయి. కొనబోయే పెద్దలు ఆ చిన్న తేడా చూసుకోవాలి.

ఇక ఆట విషయానికి వస్తాను.

మీరొక చిన్న గ్రహం మీద, నెగడు పక్కన నిద్రలేస్తారు. మీకు నాలుగు కళ్లుంటాయి. మీ జాతివారందరికీ అంతే, కనక ఎవరూ ఆశ్చర్యపోరు. ఊరివారు కట్టెలతోనూ రేకులతోనూ అంతరిక్ష నౌక ఒకటి తయారుచేశారు. దాన్ని చూస్తే మన ఊళ్లలో పాత సామాను అతికించి తోలే బండ్లు గుర్తొస్తాయి. ఇవాళ మొదటిసారిగా మీరు దాన్ని నడపబోతున్నారు. ఫలానా చోటికి పొమ్మని ఎవరూ చెప్పరు. ఎటు బుద్ధిపుడితే అటు పోవచ్చు.

మీ సూర్యుడి చుట్టూ కొన్ని గ్రహాలు తిరుగుతుంటాయి. వాటి పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. మా మేనల్లుడు వాటికి తెలుగు పేర్లు పెట్టాడు. ఎందుకు పెట్టవలసి వచ్చిందో తరవాత చెబుతాను. మీరు పుట్టిన టింబర్ హార్త్ ‘కట్టెలపొయ్యి’. ఆ మాటకు అర్థం సరిగా అదే. జైంట్స్ డీప్ అనేది అంతా సముద్రమే. దాని మీద సుడిగాలులు తిరుగుతూ దీవులనే పైకెత్తి ఆకాశంలోకి విసిరేస్తుంటాయి. అది ‘రాక్షసమడుగు’. బ్రిటిల్ హాలో పైపెంకు మాత్రమే ఉండి, లోపల బోలుగా ఉన్న గోళం. బోలు నడుమ కృష్ణబిలం ఉన్నది. పెంకు ముక్కలు ఒక్కొక్కటే విరిగి అందులో పడుతుంటాయి. అది ‘పెంకుల గోళం’. డార్క్ బ్రాంబుల్ ‘చీకటి ముళ్లకంప’. దీన్ని గురించి చివర ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. చూపు తిప్పగానే చోటు మార్చే చంద్రుడొకడు ఉన్నాడు. అతడు ‘దొంగ చందమామ’.

ఈ గ్రహాల మీద చాలాకాలం కిందట నోమాయ్ అనే జాతివారు వచ్చి నగరాలు కట్టుకున్నారు. ఇప్పుడు ఒక్కరూ లేరు. గోడల మీద వారి రాత మిగిలింది. అది గీతల్లా ఉండదు, చుట్లు చుట్టుకుని ఉంటుంది. ఒకరు ఒక మాట రాస్తే దానికి జవాబుగా ఇంకొకరి మాట కొమ్మలాగా మొలుస్తుంది. ఆ రాతను చదివే యంత్రం మీ చేతిలో ఉంటుంది. వారు ఎవరు, ఎందుకు వచ్చారు, ఏమైపోయారు? ఆటంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మీరు తీరిగ్గా తిరుగుతుంటే సూర్యుడు మెల్లమెల్లగా ఎర్రబడి, ఉబ్బుతుంటాడు. సుమారు 22 నిమిషాలు కాగానే పేలిపోతాడు. అన్ని గ్రహాలూ, వాటితోపాటు మీరూ బూడిద. మరుక్షణం మళ్లీ ఆ నెగడు పక్కనే కళ్లు తెరుస్తారు. పైన అదే ఆకాశం, ఎదట అదే మనిషి. మీ ఊళ్లో ఎవరికీ ఏమీ గుర్తుండదు, మీకు తప్ప.

చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ పోయే విక్రమార్కుడు మీకు తెలుసు. ప్రతిసారీ బేతాళుడు జారిపోతాడు, శవం చెట్టెక్కుతుంది, రాజు మొదటికి వస్తాడు. చేతికి మిగిలేది ఒక కథ మాత్రమే. ఈ ఆటలోనూ అంతే. డబ్బు కూడబెట్టటం లేదు, బలం పెంచుకోవటం లేదు, కొత్త ఆయుధాలు లేవు. మొదటి రోజు మీ దగ్గర ఉన్న సామాగ్రే చివరి రోజునా ఉంటుంది. పెరిగేది మీకు తెలిసిన విషయం ఒక్కటే. అన్నీ తెలిసినవాడు ఒక్క 22 నిమిషాలలో ఆట ముగించగలడు. తెలియనివాడికి నెల పట్టవచ్చు. తాళంచెవి బొమ్మలోనో పెట్టెలోనో దాచక, ఆడేవాడి తలలోనే దాచిన ఆట ఇది. నాకు తెలిసినంతలో దీని గొప్పతనమంతా ఇక్కడే ఉన్నది. దీని లోపాలలో సగం కూడా ఇక్కడినుంచే పుడతాయి.

మా మేనల్లుడికి కష్టం వచ్చినది జంట గ్రహాల దగ్గర. యాష్ ట్విన్, ఎంబర్ ట్విన్ అని రెండు గోళాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. మావాడి భాషలో బూడిద కవల, నిప్పు కవల. 22 నిమిషాల కాలంలో బూడిద కవల మీది ఇసుక అంతా ఒక స్తంభంలాగా ఆకాశంలో లేచి నిప్పు కవల మీద పోస్తుంది. నిప్పు కవల గుహలలో నోమాయ్ వాళ్ల నగరం ఒకటి ఉన్నది. అక్కడికి పోవాలని మావాడు మూడు రోజులు యాతన పడ్డాడు. పోయినప్పుడల్లా దారి ఇసుకతో పూడిపోయి ఉండేది. రెండుసార్లు ఇసుకకూ గుహ కప్పుకూ నడుమ నలిగి చచ్చాడు.

“ఈ ఆట మంచిగ లేదు మామా. ఎప్పుడు పోయినా ఇసుకే ఉంటది. పోనీకె తొవ్వ పెట్టలేదు వాళ్లు,” అన్నాడు ఏడుపు గొంతుతో.

నాకు జవాబు తెలుసు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. మర్నాడు అందరం సోమశిలకు వెళ్లాం. అక్కయ్య అత్తగారు కూడా వస్తానన్నది. పడవవాడు మమ్మల్ని సంగమేశ్వరం వైపు తీసుకుపోతూ ఇట్లా అన్నాడు:

“వైశాఖంల వచ్చిండ్రు గనక గుడి చూస్తుండ్రు. గదే శ్రావణంల వస్తే ఏముంటది? నీళ్లే! తొవ్వ లేక గాదు, యాళ్ల గాక.”

మావాడు ఒక్కసారి నా మొహం వంక చూశాడు. ఏమీ మాట్లాడలేదు. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అప్పటిదాకా వాడు చేస్తున్న పొరపాటు ఏమంటే, ప్రతిసారీ ముందు చంద్రుడి మీద దిగి, అక్కడ ఈల వేస్తూ కూర్చున్న ముసలాయనతో మాట్లాడి, అప్పుడు నిప్పు కవలకు పోయేవాడు. ఈసారి లేస్తూనే సూటిగా అక్కడికి పోయాడు. ఇసుక ఇంకా రాలేదు. లోయ లోయంతా తెరుచుకుని ఉన్నది. దారి కనిపించింది.

ఆ సాయంత్రం వాడి కేక వీధి చివరిదాకా వినబడింది. కాసేపాగి వాడే అన్నాడు, “అయితే మామా, బూడిద దాని కాడ తిరుగుమరుగు, గదా? అక్కడ ఓపిక పట్టాలె.” ఇంతకు మించి చెబితే మీకు ఆ కేక దక్కకుండా పోతుంది కనక ఇక్కడితో ఆపుతాను.

ఈ ఆటలో సైన్సు ఎంత నిజం, ఎంత కల్పన అని మీరు అడుగుతారు. నిజం ఉన్నది. నౌక నడపటమే తీసుకోండి. ఎడ్లు ఆగితే బండి ఆగుతుంది. నేల రాపిడి దాన్ని ఆపుతుంది. అంతరిక్షంలో రాపిడి లేదు. ఒకసారి కదిలిన నౌక అట్లా పోతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఎదురు దిక్కున యంత్రాన్ని మండించాలి. కృష్ణలో పుట్టి తోసినవారికి ఇది కొంచెం తెలుసు. ఒడ్డు దగ్గరపడ్డాక తెడ్డు వెనక్కు వేయకపోతే పుట్టి పోయి రాతికి తగులుతుంది. 2023 ఆగస్టు 23 న మన చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పుడు చేసినదీ ఇదే. సెకనుకు సుమారు 1.68 కిలోమీటర్ల వేగంతో పోతున్న ల్యాండరు యంత్రాలను ఎదురు మండించి, వేగం తగ్గించుకుంటూ, సుమారు 19 నిమిషాలలో నేలను తాకింది. మావాడు ఈ ఆటలో 19 సార్లు నౌకను బద్దలుకొట్టిన తరవాత ఆ రోజు శాస్త్రజ్ఞులు ఎందుకు అంతగా చప్పట్లు కొట్టారో వాడికి తెలిసివచ్చింది.

కొన్ని చోట్ల ఆట సైన్సును సాగదీసింది. ఇందులో గ్రహాలు మరీ చిన్నవి, కొద్ది నిమిషాలలో చుట్టూ నడిచి రావచ్చు. నిజంగా అంత చిన్న గోళం మీద నిలబడటం కష్టం. బెన్ను అనే గ్రహశకలం అడ్డం సుమారు అర కిలోమీటరు ఉంటుంది. దాని మీద మీరు ఎగిరితే మళ్లీ కిందికి రారు. సూర్యుడి పేలుడు సంగతి కూడా చెప్పాలి. మన సూర్యుడు ఇంకా 500 కోట్ల ఏళ్లు వెలుగుతాడు. తరవాత ఆటలో చూపినట్టే ఎర్రబడి ఉబ్బుతాడు. అంతవరకు నిజమే. కాని పేలడు. పైపొరలు విడిచి, కుంచించుకుపోయి, తెల్లని చిన్న నక్షత్రంగా చల్లారుతాడు. అట్లా పేలాలంటే సూర్యుడికి సుమారు ఎనిమిది రెట్ల బరువైనా ఉండాలి. దొంగ చందమామ కూడా ఇంతే. చూస్తే ఒక తీరు, చూడకపోతే ఒక తీరు అనేది ఎలక్ట్రాను వంటి అణుమాత్రపు వస్తువుల విషయంలో శాస్త్రజ్ఞులు నిజంగా తల బద్దలుకొట్టుకుంటున్న సమస్య. దాన్ని చంద్రుడంత వస్తువుకు అంటగట్టటం కథకుల చమత్కారం.

కృష్ణబిలం గురించి ఒక తమాషా. నిజమైన కృష్ణబిలపు మొదటి చిత్రాన్ని శాస్త్రజ్ఞులు 2019 ఏప్రిల్ 10 న ప్రకటించారు. ఈ ఆట వచ్చింది ఆ తరవాత ఏడు వారాలకు!

ఆటలో మావాడికి అన్నిటికన్న ఇష్టమైనది వేరే ఉన్నది. మీకంటె ముందు ఊరు విడిచిన ప్రయాణికులు కొందరు ఒక్కొక్క గోళం మీద ఒక్కరే కూర్చుని వాద్యం వాయిస్తుంటారు. ఒకడు వేణువు, ఒకడు బాంజో, ఒకడు డోలు. మీ దగ్గర శబ్దం వినే దుర్భిణి ఉంటుంది. దాన్ని ఎటు తిప్పితే అటు వాద్యం వినబడుతుంది. దూరంగా పోయి వెనక్కు తిరిగి గ్రహాలన్నిటివైపూ ఒక్కసారి పెడితే ఆ వాద్యాలన్నీ కలిసి ఒకే పాట అవుతుంది. ఒకరికొకరు కనబడనంత దూరాన ఉన్నారు, కాని తాళం తప్పరు. నేను ఎన్నిసార్లు విన్నా నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఇక లోపాలు. మొహమాటం లేకుండా చెబుతాను.

మొదటిది నౌక. నడపటం నేర్చుకునేలోపల చాలామంది విసిగి ఆట మానేస్తారు. మా అక్కయ్య ఒకసారి పట్టుకుని, రెండు నిమిషాలలో తల తిరుగుతున్నదని లేచిపోయింది. నౌకను దానంతట అదే నడిపించుకునే మీట ఒకటి ఉన్నది గాని దానికి కళ్లు లేవు. దారిలో సూర్యుడు అడ్డమొస్తే సూటిగా సూర్యుడిలోకే తీసుకుపోతుంది. నమ్మి కూర్చున్నారో, కథ సమాప్తం.

రెండవది, పోయిన దారినే మళ్లీ మళ్లీ పోవలసి రావటం. ఎంతో కష్టపడి ఒక చోటికి చేరుతారు, గోడ మీద రాత సగం చదువుతారు, ఇంతలో ఆకాశం తెల్లగా మెరుస్తుంది. మళ్లీ నెగడు, మళ్లీ నౌక, మళ్లీ అదే దారి. మొదట బాగానే ఉంటుంది. పదోసారికి విసుగు పుడుతుంది. ఇది కథకు అవసరమేనని సమర్థించేవారున్నారు. నేనొప్పుకోను. కథకు అవసరమైనంత వరకు సరే, దానికి మించి కూడా ఉన్నది.

నోమాయ్ వాళ్ల పేర్లు ఒక పట్టాన గుర్తుండవు. అందరి మాటలూ ఇంచుమించు ఒక్క ధోరణిలోనే ఉంటాయి. అందరూ మంచివారే, అందరూ తెలివైనవారే. నౌకలో ఉండే దినచర్య పుస్తకం మీరు తెలుసుకున్నదంతా దారాలతో కలిపి చూపుతుంది గాని, మావాడు వేరే నోటుపుస్తకం కూడా పెట్టుకోవలసి వచ్చింది.

చీకటి ముళ్లకంప గురించి హెచ్చరిక చేస్తానన్నాను. అందులో భయంకరమైన పెద్ద చేపలున్నాయి. చిన్నపిల్లలు జడుసుకుంటారు. 2021 లో ఈ ఆటకు ‘ఎకోస్ ఆఫ్ ది ఐ’ అని అనుబంధం ఒకటి వచ్చింది. అది ఇంకా చీకటి, ఇంకా భయం. పదేళ్లలోపు వారికి రెండూ వద్దు.

కొల్లాపూరు వంటి చోట అన్నిటికన్న పెద్ద అడ్డంకి భాష. ఇది చదివే ఆట. వందల కొద్దీ రాతలు చదవాలి. ఆట పన్నెండు దాకా భాషలలో దొరుకుతుంది గాని, వాటిలో తెలుగు లేదు. ఏ భారతీయ భాషా లేదు. పైగా మామూలు ఫోనులో ఆడటానికి వీల్లేదు, మంచి కంప్యూటరో వేరే యంత్రమో ఉండాలి. ఆ రెండూ ఉన్న ఇళ్లు ఎన్ని?

అయితే ఈ భాష లోపం వల్ల మా అక్కయ్య ఇంట్లో ఒక సంగతి జరిగింది.

అక్కయ్య అత్తగారికి డెబ్బై దాటాయి. రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో మంచం వేసుకుని, “ఇయ్యాల నీ ఆటల ఏమైందిరా?” అని మనమణ్ణి అడిగేది. వాడు ఆమెకు ఇంగ్లీషు పేర్లు చెబితే లాభం లేదని తెలుగు పేర్లు పెట్టుకున్నాడు. గోడల మీద చదివినదంతా కథగా చెప్పేవాడు. తనకే సరిగా అర్థం కాని చోట చెప్పలేక ఆగిపోయేవాడు, పొద్దున్నే లేచి నిఘంటువు తీసేవాడు. కట్టెలపొయ్యి అనే పేరు ఆమెకు ఎంతో నచ్చింది. “మన దిక్కు ఊరు పేరు లెక్కనే ఉన్నది,” అన్నది.

ఒక రాత్రి ఆమె, “గా ఇసుకల మునిగిన ఊరోళ్లు యాడికి పోయిండ్రురా?” అని అడిగింది.

“తెల్వదు నాయినమ్మా. రేపు చూసి చెప్త.”

“పాపం, సామాన్లన్న సదురుకున్నరో లేదో,” అన్నదామె.

ఆమె ఆ మాట ఎందుకన్నదో సోమశిలలో తెలిసింది. ఆమె పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఉండిన ఒక పల్లె. 1980 లలో శ్రీశైలం నీళ్లు వచ్చినప్పుడు ఆ పల్లె మునిగిపోయింది. ఆ రోజులలో ఒడ్డు ఊళ్ల గుళ్లను కూడా రాయి రాయీ విప్పి గట్టుకు తెచ్చారు. మంచాలకట్టలో ఉండిన మాధవస్వామి గుడి ఇప్పుడు కొల్లాపూరులో ఉన్నది అట్లాగే. గుళ్లు వచ్చాయి. ఇళ్లు రాలేదు. సంగమేశ్వరం ఎండాకాలంలో తేలుతుంది గాని, ఆమె ఊరు ఏ కాలంలోనూ తేలదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె పడవలోంచి చెయ్యి చాచి, ఉత్త నీళ్లకేసి చూపుతూ, “గా పక్కకే మా ఇల్లు,” అన్నది. మనమడు ఆమె పక్కకు జరిగాడు. బావి ఎటుండేది, చింతచెట్టు ఎటుండేది, పక్కింటివాళ్లు ఎవరు, వాళ్లు ఎక్కడికి పోయారు అని ఒకటి తరవాత ఒకటి అడగసాగాడు. పద్నాలుగేళ్లలో వాడు ఆమెను ఎన్నడూ ఇట్లా అడగలేదట. ఆమె చెబుతుంటే పడవవాడు కూడా యంత్రం వేగం తగ్గించి విన్నాడు. ఇంటికి వచ్చాక చూశాను. ఆట కోసం పెట్టుకున్న నోటుపుస్తకంలో నిప్పు కవల పటం గీసిన పుట పక్కనే, ఇంకొక పుట మీద బావీ చింతచెట్టూ ఇళ్ల వరసా గీసి ఉన్నాయి. కొన్ని ఇళ్ల దగ్గర ప్రశ్న గుర్తులున్నాయి.

పెద్దలకొక మాట. ఈ ఆటలో ప్రతి 22 నిమిషాలకూ దానంతట అదే తెర పడుతుంది. మా అక్కయ్య దీన్ని కనిపెట్టి, “దినానికి రెండు సూర్యులు” అని కట్టడి చేసింది. రెండోసారి సూర్యుడు పేలగానే వంటింట్లోంచి, “అయిపోయినయి, లే!” అని కేక వేసేది. బతిమాలటానికి సందు ఉండేది కాదు. సగంలో లేవమంటే గొడవచేసే పిల్లలు కూడా దీనికి లొంగుతారు.

ఇంకొక లోపం ఉన్నది, లోపమో కాదో నేను తేల్చుకోలేకపోయాను. ఈ ఆటను ఒక్కసారే ఆడగలం. తెలిసిన తరవాత తెలియనట్టు ఉండలేం కదా! మావాడి స్నేహితుడొకడు ఆట తన చేతికి రాకముందే ఫోనులో ఎవరో ఆడుతున్న వీడియో చివరిదాకా చూశాడు. ఆ చివరి రహస్యం చెబుతానని వెంటపడితే మావాడు చెవులు మూసుకుని వీధిలోకి పరుగెత్తాడు. తరవాత ఆ స్నేహితుడు తన అన్న కంప్యూటర్ మీద ఆట మొదలుపెట్టి రెండో రోజునే మానేశాడు. “నాకు అంత ఎరికే గద,” అన్నాడట. డబ్బు పెట్టి కొన్న ఆట రెండో రోజుకు ఉత్తదయింది. నేను కూడా దీన్ని మళ్లీ ఆడలేను. అందుకే ఆ పది రోజులూ మావాడి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు ఒక్కొక్క గుహలోకి పోతుంటే వాడి మొహం చూడటమే నాకు మిగిలిన ఆట.

నేను తిరిగి వచ్చేనాటికి వాడికి ఆట పూర్తికాలేదు. వానలు వచ్చాయి, బళ్లు తెరిచారు. వరద వార్త పత్రికలో చూసిన మర్నాడు పొద్దున వాడే ఫోను చేశాడు.

“మామా, గుడి మునుగుతున్నదట. శిఖరం ఒక్కటే కనబడుతున్నదని పడవాయన చెప్పిండు.”

“ఆట సంగతేమిటి? అయిపోయిందా?”

“ఎట్ల పోవాల్నో అంత తెల్సింది మామా. ఒక్క సూర్యుడు చాలు.”

“మరి ఆడలేదేం?”

వాడు జవాబు చెప్పలేదు. వెనకనుంచి అక్కయ్య కేక వినబడింది: “ఫోను పెట్టు, బడికి యాళ్లయింది!”